పుస్తకం లేని రచయిత
(కోయ డోలి గాయకుడు సకిని రామచంద్రయ్య స్మృతిలో చింతూరులో చేసిన ఉపన్యాసం)

2022లో సకిని రామచంద్రయ్య గారికి పద్మశ్రీ ప్రకటించినప్పుడు ఆయన పేరు 'కళ' అన్న శీర్షిక కింద వచ్చింది. ఆ జాబితాలోనే 'సాహిత్యం, విద్య' అని మరో శీర్షిక ఉంటుంది. ఆయన జీవితమంతా చేసిన పని ఏమిటో తలుచుకుంటే ఈ రెండు శీర్షికల మధ్య గీత ఎక్కడ గీశారా అన్న ప్రశ్న పుడుతుంది. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మణుగూరు మండలం కూనవరం ఆయన ఊరు. శబరి గోదావరిలో కలిసే మన కూనవరం వేరు, అది వేరు. కోయల గోత్ర శాఖలైన గట్లు, ఇంటిపేర్లు, వేల్పుల పుట్టుపూర్వోత్తరాలు, సమ్మక్క సారలమ్మల కథ, పగిడిద్దరాజు కథ, నాగులమ్మ కథ ఆయనకు కంఠస్థం. డోలి వాయిస్తూ కోయలో చెప్పేవారు, అవసరమైతే తెలుగులోనూ చెప్పేవారు. 2024 జూన్‌లో ఆయన కన్నుమూశారు. ఒక జాతి చరిత్రను, వంశవృక్షాన్ని, వీరగాథను పొల్లుపోకుండా గుర్తుంచుకుని, వినేవాళ్ళ ముందు మళ్ళీ మళ్ళీ కట్టి నిలబెట్టిన మనిషిని మనం కళాకారుడు అన్నాం. గౌరవంగానే అన్నాం. కానీ రచయిత అనలేదు. ఎందుకు అనలేదన్నదే ఈ రోజు నేను మాట్లాడదలచిన విషయం. సాహిత్య ఉత్సవాలు ఊరూరా పెరుగుతున్న కాలం ఇది. రచయితలు పుస్తకం వెనక నుంచి వేదిక మీదికి వచ్చి పాఠకులకు ముఖం చూపిస్తున్న కాలం. ఆ వేదిక మీద రామచంద్రయ్య గారి వంటివారికి వేసే కుర్చీ ఏది?

రచయిత జనం ముందుకు రావడం తెలుగువాళ్ళకు కొత్త సంగతి కాదు. మన భాషలో కవి ముందు నుంచీ నలుగురిలో నిలబడ్డవాడే. సంస్థానాల కొలువుల్లో కావ్యం చదివి వినిపించాకే దానికి పేరు వచ్చేది. తిరుపతి వేంకట కవులు గద్వాల, ఆత్మకూరు, వెంకటగిరి వంటి సంస్థానాలు తిరిగి అవధానాలు చేశారు. అవధానం అంటే ఏమిటి? చుట్టూ పృచ్ఛకులు కూర్చుని ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు దత్తపది ఇస్తారు, ఒకరు నిషిద్ధాక్షరితో అడ్డం పడతారు, మరొకరు అప్రస్తుత ప్రసంగంతో దారి తప్పించాలని చూస్తారు. వీటన్నిటి మధ్య కవి కాగితం ముట్టకుండా పద్యం కడతాడు, చివర ధారణతో అన్నీ వరసగా అప్పజెబుతాడు. ఎవరైనా పక్కన కూర్చుని రాసుకుంటే ఆ పద్యం మిగులుతుంది, లేకపోతే గాలిలో కలిసిపోతుంది. అలా కలిసిపోయిన పద్యాలు ఎన్నో. అయినా అవధానిని మనం కవి కాదని ఎప్పుడూ అనలేదు. ఆయనకు శాలువా కప్పేటప్పుడు 'సాంస్కృతిక కార్యక్రమం' అని రాయలేదు. ఇక డోలి గాయకుడిని చూడండి. ఆయనా కాగితం ముట్టడు. ఆయనకూ ధారణే ఆధారం. ఆయన కూడా విన్నవాళ్ళ ప్రశ్నకు, సందర్భానికి, ఆ ఇంటి గట్టుకు తగ్గట్టు కథను అక్కడికక్కడ మలుచుకుంటాడు. కాబట్టి ఒకరిని కవి అని, మరొకరిని కళాకారుడు అని విడదీసింది కాగితం కాదు, రాత కాదు. ఛందస్సు తెలిసిన సభ ఎవరిది, తెలియని సభ ఎవరిది అన్న లెక్క మాత్రమే. ఆ లెక్క మారదనీ కాదు. గుర్రం జాషువా పద్యాన్ని మెచ్చుకుంటూనే ఆయన కులాన్ని చూసి ముఖం తిప్పుకున్న సభలు ఉండేవి. అదే కాలంలో విజయవాడలో చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి గారు తన చేతులతో జాషువా కాలికి గండపెండేరం తొడిగారు. ఎవరు కవి అన్నది వేదిక మీదే తేలింది, తేలినప్పుడల్లా తెలుగు సాహిత్యం పెద్దదయింది.

ఇప్పటి ఉత్సవాల సంగతికి వద్దాం. విజయవాడ పుస్తక మహోత్సవం 1989లో మొదలైంది. జైపూర్ సాహిత్య ఉత్సవం 2006లో, హైదరాబాద్ లిటరరీ ఫెస్టివల్ 2010లో మొదలయ్యాయి. ఇవి కొన్ని మంచి అలవాట్లు నేర్పాయి. రచయిత పేరు కార్యక్రమ పత్రంలో వేళతో సహా ఉంటుంది. పక్కన ఒక సంధానకర్త కూర్చుని ఆ రచయిత పుస్తకాలన్నీ ముందే చదివి వచ్చి ప్రశ్నలు వేస్తారు. చివర పావుగంట సభలోని వారెవరైనా లేచి అడగవచ్చు. తర్వాత సంతకాల బల్ల దగ్గర పాఠకుడూ రచయితా ఎదురెదురుగా నిలబడతారు. ఈ నాలుగింటిలోనూ ఒక మర్యాద ఉంది: ఈ మనిషి చెప్పేది వినదగ్గది, అడగదగ్గది, వాదించదగ్గది అన్న మర్యాద. మరి మన కొండ ప్రాంతంలో ఉత్సవం అంటే ఏం జరుగుతుంది? అరకు వైపు అయితే థింసా బృందం, ఇటు అయితే తలపాగాలకు పెర్మకోక అనే అడవిదున్న కొమ్ములు కట్టిన కోయ బృందం ముఖ్య అతిథికి ఎదురు వెళ్ళి, డోలు కొడుతూ వేదిక దాకా తీసుకువస్తారు. అతిథి వేదిక ఎక్కుతారు. బృందం కిందనే ఆగిపోతుంది. దీపం వెలిగిస్తారు, ఉపన్యాసాలు మొదలవుతాయి. బృందంలో ఎవరి పేరూ ఆహ్వాన పత్రంలో ఉండదు, 'గిరిజన నృత్యం' అని ఒక్క మాట ఉంటుంది. వాళ్ళు పాడిన పాటకు అర్థం ఏమిటని ఎవరూ అడగరు. నా వాదన ఇంతే: మౌఖిక సాహిత్యకారుడిని సాహిత్య ఉత్సవానికి స్వాగత నృత్యంగా కాకుండా రచయితగా పిలవాలి. పేరుతో పిలవాలి, వేళ ఇచ్చి పిలవాలి, ప్రశ్నలు అడగాలి, జవాబు వినాలి, తక్కిన రచయితలకు ఇచ్చే పారితోషికమే ఇవ్వాలి.

ఈ మాట గాలిలో నిలబడకుండా ఉండాలంటే డోలి గాయకుడు చేసే పనిని దగ్గరగా చూడాలి. కోయల వేల్పు కొలుపులో పడిగె ఉంటుంది. పొడుగ్గా త్రికోణంగా కోసిన గుడ్డ, దాని మీద గుడ్డ ముక్కలు కత్తిరించి కుట్టిన బొమ్మలు: మనుషులు, జంతువులు, వేల్పుల గుర్తులు. చూసేవాడికి మొదట అది జెండాలా కనిపిస్తుంది. డోలి గాయకుడి చేతికి వచ్చాక అది పుస్తకం అవుతుంది. బొమ్మ బొమ్మకూ ఒక కథాఘట్టం ఉంది, ఆ ఘట్టానికి ఒక వరస ఉంది, ఒక దరువు ఉంది. ఒక బొమ్మ నుంచి ఇంకో బొమ్మకు వెళ్ళేటప్పుడు దరువు మారుతుంది. ఆ మార్పే మనం పుస్తకంలో చూసే అధ్యాయం విరుపు. ఏ గట్టు వాళ్ళ పడిగె విప్పితే ఆ గట్టు చరిత్రే చెప్పాలి. వేల్పులు కలగాపులగం కాకూడదు, వావివరసలు తప్పకూడదు. ఎందుకంటే పెళ్ళి సంబంధం కలుస్తుందా కలవదా అన్నది ఆ గట్టు లెక్క మీదే ఆధారపడి ఉంటుంది. తప్పు చెబితే ఎదురుగా కూర్చున్న పెద్దలు అక్కడే ఆపుతారు. అంటే అచ్చుపుస్తకానికి సంపాదకుడు ఉన్నట్టే దీనికీ ఉన్నారు, విమర్శకులు ఉన్నారు, పాఠాంతరాల మీద తగవులూ ఉన్నాయి. చదవడం, చెప్పడం, సరిచూడడం మూడూ ఒకే రాత్రి ఒకే చోట జరుగుతున్నప్పుడు దాన్ని సాహిత్యం అనకపోవడానికి కారణం నాకు దొరకలేదు. ఆచార్య జయధీర్ తిరుమలరావు, గూడూరు మనోజ వంటి పరిశోధకులు ఇలాంటి పడిగెలనూ వాద్యాలనూ సేకరించి 'ఆద్యకళ' పేరుతో ప్రదర్శించారు, గాయకుల కథలను అక్షరబద్ధం చేయడానికి పాటుపడ్డారు. అద్దాల వెనక వేలాడదీసిన పడిగె విలువైనదే. కానీ దాన్ని చదవగలిగిన మనిషి పక్కన లేకపోతే అది మూసిన పుస్తకమే.

మొదటి అభ్యంతరం పండితుల నుంచి వస్తుంది. మౌఖిక సాహిత్యం జాతి అంతటిదీ, తరతరాల ఉమ్మడి సొత్తు, దానికి ఒక్క మనిషిని రచయిత అంటే మిగతా వాళ్ళకు అన్యాయం కాదా అంటారు. ఈ అభ్యంతరం తేలిగ్గా తీసిపారేయదగ్గది కాదు. కానీ దీనికి జవాబు దాదాపు తొంభై ఏళ్ళ కిందటే దొరికింది. 1930లలో మిల్మన్ పారీ అనే అమెరికన్ పండితుడు, ఆయన శిష్యుడు ఆల్బర్ట్ లార్డ్ యుగోస్లావియా కొండ ఊళ్ళు తిరిగి వీరగాథలు పాడేవాళ్ళను రికార్డు చేశారు. 1935లో బియేలో పోలే ఊళ్ళో అవ్దో మెజెదోవిచ్ అనే గాయకుడు వాళ్ళకు పన్నెండు వేల పైచిలుకు పాదాల కథ చెప్పి రాయించాడు. ఆయనకు చదవడం, రాయడం రాదు. 1960లో లార్డ్ ప్రచురించిన పుస్తకం తేల్చింది ఏమిటంటే, గాయకుడు బట్టీ పెట్టింది అప్పజెప్పడం లేదు. సంప్రదాయం ఇచ్చిన పదబంధాలతో, ఘట్టాలతో పాడిన ప్రతిసారీ కొత్తగా రచిస్తున్నాడు. సంప్రదాయం ఉమ్మడిది, ఆ రాత్రి పాడిన కావ్యం మాత్రం ఆ గాయకుడిది. మనకు ఇంతకంటే దగ్గరి సాక్ష్యం పల్నాడులో ఉంది. జీన్ రోగేర్ పల్నాటి వీరుల కథను ఇంగ్లీషులోకి అనువదించి 1982లో ప్రచురించినప్పుడు పుస్తకం పేరులోనే ఆ కథ పాడిన అలిసెట్టి గాలెయ్య పేరు పెట్టారు. శ్రీనాథుడు పల్నాటి వీరచరిత్ర రాశాడని పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నాం. పల్నాటి కథ ఉమ్మడి సొత్తే కదా అని శ్రీనాథుడి పేరు ఎవరూ తీసివేయలేదు. రామాయణం ఇతివృత్తం అందరిదీ అయినా మొల్ల రామాయణం మొల్లదే, రంగనాథ రామాయణం గోన బుద్ధారెడ్డిదే. రాసినవాళ్ళకు ఒప్పుకున్న న్యాయం పాడినవాళ్ళకు ఎందుకు వర్తించదు?

పేరు సంగతి చిన్నదిగా కనిపిస్తుంది కానీ అసలు దెబ్బంతా అక్కడే తగిలింది. పదమూడో శతాబ్దంలో పాల్కురికి సోమనాథుడు జనం పాడుకునే పదాల జాబితా ఇచ్చాడు. తుమ్మెద పదాలు, వెన్నెల పదాలు, శ్రీశైలం దారిలో పాడే పర్వత పదాలు అని రకాల పేర్లు అందులో ఉన్నాయి. పాడినవాళ్ళ పేర్లు లేవు. ఏడు వందల ఏళ్ళు గడిచాక వచ్చిన జానపద గేయ సంకలనాల్లో కూడా చాలాచోట్ల ఇదే తంతు: సేకరించినవారి పేరు అట్ట మీద, పాడినవారి ఊరి పేరు అడుగున, కొన్నిచోట్ల అదీ లేదు. గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారు దీనికి భిన్నమైన దారి చూపారు. పర్లాకిమిడిలో సవరలతో మాట్లాడి వాళ్ళ భాష నేర్చుకున్నారు, సవరలకు సొంత ఖర్చుతో బళ్ళు పెట్టారు, సవర భాషా కరదీపికను 1931లో, సవర–ఇంగ్లీషు నిఘంటువును 1938లో తెచ్చారు. తెలుగులో వ్యావహారిక భాష కోసం ఆయన చేసిన పోరాటం వెనక ఈ అనుభవం ఉంది: మాట్లాడే మనిషి నోటిలో ఉన్నదే భాష, దాన్ని ముందు చెవితో నేర్చుకోవాలి. ఏటా ఆగస్టు 29న ఆయన పేరుతో తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటాం. ఆ సభల్లో సవర నోరు ఎంతసేపు వినిపిస్తున్నదో లెక్క చూసుకుంటే మనం ఆయన దగ్గర సగం పాఠమే నేర్చుకున్నామని అర్థమవుతుంది. ఇక చట్టం మాటకొస్తే, అది మనకంటే ముందే నడిచింది. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. 1994 సవరణలో ప్రదర్శకుల హక్కులకు గట్టి రూపం ఇచ్చారు, 2012 సవరణలో ప్రదర్శకుడిగా తన పేరు చెప్పించుకునే నైతిక హక్కును చేర్చారు. ప్రదర్శకుడంటే ఎవరో చట్టం చెప్పిన జాబితాలో గాయకుడు, వాద్యకారుడు, నర్తకుడు, పాములాడించేవాడు ఉన్నారు, వాళ్ళ వరసలోనే ఉపన్యాసం ఇచ్చే మనిషీ ఉన్నాడు. అంటే చట్టం దృష్టిలో ఈ వేదిక మీద మాట్లాడుతున్న నేనూ, వేదిక కింద డోలు పట్టుకుని నిలబడ్డ అన్నా ఒకే బెంచీ మీద కూర్చున్నాం. కుర్చీలు వేరు చేసింది నిర్వాహకులే.

రెండో అభ్యంతరం ఆదివాసీ పెద్దల నుంచే వస్తుంది, అందుకే దాని బరువు ఎక్కువ. పడిగె వేల్పుది, అది విప్పడానికి వేళ ఉంది, తంతు ఉంది, దాన్ని టిక్కెట్టు సభలో ఆరబెడితే వేల్పుకు అపచారం అంటారు. వాళ్ళ మాట నిజం. అన్ని పాటలూ అందరి కోసం పుట్టలేదు. అయితే ఇక్కడే రచయిత అన్న హోదా పనికొస్తుంది. నృత్య బృందాన్ని పిలిచినప్పుడు ఏది ఆడాలో, ఎంతసేపు ఆడాలో, ఎప్పుడు ఆపాలో పిలిచినవాడే చెబుతాడు. రచయితను పిలిచినప్పుడు ఏ పుటలు చదవాలో రచయితే నిర్ణయిస్తాడు, చదవనని చెప్పే హక్కూ ఆయనదే. డోలి గాయకుడు ఫలానా కథ ఇక్కడ చెప్పకూడదు, ఫలానాది చెప్పవచ్చు, ఎందుకు చెప్పకూడదో మాత్రం చెబుతాను అంటే, ఆ కారణం వినడమే సభకు దొరికిన గొప్ప సాహిత్య పాఠం. రికార్డు చేయవచ్చా, చేస్తే ప్రతి ఎవరి దగ్గర ఉండాలి అన్నది కూడా ఆయన మాట మీదే నడవాలి. వద్దంటే ఫోన్లు జేబుల్లో పెట్టుకోవాలి.

మూడో అభ్యంతరం భాష. కోయ వచ్చినవాళ్ళు సభలో ఎంతమంది ఉంటారు, అర్థం కాని పాటను గంటసేపు ఎవరు వింటారు అంటారు. హైదరాబాదులో వేసే ప్రశ్న అయితే దానికి అనువాదకుడే జవాబు. అక్కడ ఫ్రెంచి రచయితకు, తమిళ రచయితకు దుభాషిని పెడతారు కదా. చింతూరులో అయితే ఈ ప్రశ్నే తిరగబడుతుంది. 2011 జనాభా లెక్కల్లో కోయ తమ మాతృభాష అని రాయించినవాళ్ళు నాలుగు లక్షల పైచిలుకు. ఒడిశా ఇటు, ఛత్తీస్‌గఢ్ అటు, తెలంగాణ మరోవైపు ఉన్న ఈ మూలన కోయ వినబడని సంత లేదు. బస్తర్ నుంచి వలస వచ్చిన గుత్తికోయల మాట ఉంది. కొండరెడ్ల ఇంటి భాష తెలుగే. మనం బడిలో నేర్చిన తెలుగుకు అందని మాటలు వాళ్ళ తెలుగులో ఎన్నో ఉన్నాయి. ఇక్కడ సభ పెట్టి అచ్చు తెలుగులో గంటల తరబడి మాట్లాడితే అర్థం కాక కూర్చునేవాళ్ళు ఎవరు? కాబట్టి దుభాషి ఇక్కడ అతిథి కోసం కావాలి. కోయలో చెప్పింది తెలుగులోకి, తెలుగులో చెప్పింది కోయలోకి రెండు దిక్కులా నడవాలి. రెండు భాషలూ ఇంట్లోనే నేర్చుకున్న కాలేజీ పిల్లలు ఈ సభలోనే ఉన్నారు, ఆ పనికి వాళ్ళకు కూలి కట్టి ఇవ్వాలి. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో బోడో, సంతాలీ భాషలు 2003 సవరణతో చేరాయి. కోయ, గోండి, కువి, సవర ఇంకా బయటే ఉన్నాయి. సాహిత్య అకాడమీ గుర్తించిన 24 భాషల్లోనూ ఇవి లేవు. అలాంటి భాషల కోసం 1996 నుంచి భాషా సమ్మాన్ ఇస్తున్నారు. అకాడమీ ఉన్మేష పేరుతో సిమ్లాలో, భోపాల్‌లో పెద్ద ఉత్సవాలు చేసింది. మన పొరుగున రాయ్‌పూర్‌లో 2022 ఏప్రిల్‌లో జాతీయ స్థాయి ఆదివాసీ సాహిత్య ఉత్సవం జరిగింది. రాజధానుల్లో జరిగినవి మంచివే, కానీ కోయలో నవ్వవలసిన చోట నవ్వే శ్రోతలు అక్కడ ఉండరు. కథ చెప్పేవాడికి ఆ నవ్వే ఊపిరి.

ఇంకొకరు అంటారు: ఆదివాసుల నుంచి రాసే రచయితలు వస్తున్నారు కదా, ముందుకు పోయే దారి రాతే కదా, పాత పాట పట్టుకుని వేలాడడం దేనికి అని. రాసేవాళ్ళు వస్తున్నది నిజం, సంతోషించవలసిన నిజం. మల్లిపురం జగదీశ్ 'శిలకోల' కథలతో ఉత్తరాంధ్ర కొండల జీవితాన్ని లోపలి నుంచి చెప్పారు. రమేశ్ కార్తీక్ నాయక్ 'ఢావ్లో' కథలకు 2024లో సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. వాళ్ళను ఉత్సవాలు పిలుస్తున్నాయి, పిలవాలి. కానీ వాళ్ళ కథల్లో బలం ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. తండాలో, గూడెంలో విన్న మాట, పాట, సామెత, చావు ఏడుపు, పెళ్ళి పాట అన్నీ ఆ వాక్యాల కింద ఇంకి ఉన్నాయి. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కోయ, గోండి, కువి, సవర వంటి ఎనిమిది గిరిజన భాషల్లో వాచకాలు తయారు చేసి బడుల్లో పెట్టినప్పుడు కూడా పాఠాలకు సరుకు ఊళ్ళో కథల నుంచే రావలసి వచ్చింది. రాసే తరాన్నీ పాడే తరాన్నీ ఒకే సదస్సులో పక్కపక్కన కూర్చోబెడితే ఒకరి నుంచి ఒకరికి ఏం అందిందో, ఏం జారిపోయిందో అందరి ముందూ తేలుతుంది. కథకుడు తన కథలో వాడుకున్న పాట గురించి గాయకుడు లేచి అడగాలి: దీన్ని ఎందుకు ఇక్కడితో ఆపేశావు బాబూ? ఇంతకంటే మంచి విమర్శ ఏ పత్రికలో దొరుకుతుంది?

అన్నిటికంటే గట్టి అభ్యంతరం కడుపులోంచి వచ్చేది. చింతూరుకు కావలసింది రోడ్లు, డాక్టర్లు, పునరావాసం. సాహిత్య ఉత్సవం ఎవరికి కావాలి అన్నది. 2014లో పోలవరం ప్రాజెక్టు కోసం చింతూరుతో పాటు ఈ చుట్టుపక్కల మండలాలను తెలంగాణ నుంచి విడదీసి ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. 2022 ఏప్రిల్ 4న తూర్పు గోదావరి నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లాకు మార్చారు. ఆ జులైలోనే భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు ఎక్కింది, శబరి వెనక్కి పోటెత్తి ఇటు ఊళ్ళను ముంచింది. ప్రాజెక్టు 45.72 మీటర్ల మట్టానికి నిండితే లక్ష పైచిలుకు కుటుంబాలు కదలవలసి వస్తుందని ప్రభుత్వ లెక్కలే చెబుతున్నాయి. ఇన్ని బాధల మధ్య పాట గురించి మాట్లాడడం కొందరికి కష్టం కలిగిస్తుందని తెలుసు. కానీ నష్టపరిహారం జాబితాలో ఇల్లు ఉంది, పొలం ఉంది, చెట్టు ఉంది, పశువుల పాక ఉంది. వేల్పు గద్దెను అక్కడి నుంచి ఎత్తి ఇక్కడ పెట్టవచ్చు. ఫలానా రాయి దగ్గర ఫలానా వేల్పు ఆగింది, ఫలానా రేవు దాటి ఫలానా గట్టు వాళ్ళు వచ్చారు అని చెప్పే కథకు ఆ రాయి, ఆ రేవు కావాలి. అవి నీళ్ళ కిందికి పోయాక ఆ కథకు మిగిలేది చెప్పేవాడి నోరే. కాలనీలకు చెదిరిపోయిన జనంలో ఏ గట్టు గాయకుడు ఏ కాలనీలో ఉన్నాడో రాసిపెట్టిన కాగితం ఉందా? ఆకలికీ పాటకూ పోటీ పెట్టడం నాకు సమ్మతం కాదు. రోడ్డు అడుగుతూనే పాట అడగవచ్చు. ఈ ఊరివాళ్ళు రెండూ అడిగే హక్కు ఉన్నవాళ్ళు.

అయితే ఇక్కడ జరగవలసిన ఉత్సవం పట్నం ఉత్సవానికి నకలు కాకూడదు. 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా డెల్టాలో కాలవ మీద పడవలో గ్రంథాలయం నడిపారు. పాఠకుడు గ్రంథాలయానికి రాలేకపోతే గ్రంథాలయమే పాఠకుడి రేవుకు వెళ్ళాలన్నది ఆయన పద్ధతి. రచయితలు కూడా అలాగే వెళ్ళాలి. అచ్చులో పేరున్న తెలుగు రచయితలు చింతూరు వచ్చి రెండు రాత్రులు ఇక్కడే ఉండాలి. పగలు బడిపిల్లలతో, కాలేజీ పిల్లలతో కూర్చోవాలి, చీకటిపడ్డాక శ్రోతలుగా కింద కూర్చోవాలి. కాలం కూడా ఊరి పనిని బట్టి ఎంచాలి. జులై, ఆగస్టులో శబరి ఎప్పుడు దారి మూస్తుందో తెలియదు. వేసవిలో ఇప్పపువ్వు, ఆ వెనకే తునికాకు. ఆ రోజుల్లో ఎవరినైనా సభకు పిలవడం అంటే వాళ్ళ ఏడాది కూలి పోగొట్టడమే. పంట ఇళ్ళకు చేరాక, ఇప్పపువ్వు రాలడం మొదలుకాక ముందు ఉన్న ఆ నాలుగు వారాలే అనువు, మేడారం జాతర ఏడు అయితే ఆ తేదీలు తప్పించాలి. వేదిక ఎత్తుగా ఉండకూడదు. డోలి గాయకుడు కింద కూర్చునే పాడతాడు, తలెత్తి చూస్తే శ్రోత ముఖం కనిపించాలి, వాళ్ళు ఊఁ కొట్టాలి. ఊఁ కొట్టే మనిషి లేకుండా ఈ కథ నడవదు. సంధానకర్త ఒక్క పని తప్పకుండా చేయాలి: ఆ గాయకుడి కథను కనీసం ఒకసారి పూర్తిగా విని రావాలి. నవలాకారుడి నవల చదవకుండా వేదిక ఎక్కడం తప్పు అయితే ఇదీ అంతే తప్పు.

రామచంద్రయ్య గారు పోయారు. ఆయన విద్య నేర్చుకున్నవాళ్ళు, ఇతర గట్లకు పాడేవాళ్ళు గోదావరికి ఈ పక్కా ఆ పక్కా ఇంకా ఉన్నారు, వాళ్ళలో ఎక్కువ మంది వయసు మళ్ళినవాళ్ళు. ఈ సభలో సాహిత్య సంస్థలు నడిపేవారు ఉన్నారు, కాలేజీల్లో తెలుగు చెప్పేవారు ఉన్నారు, ఐటీడీఏ అధికారులు ఉన్నారు. మిమ్మల్ని అడిగేది ఒక్కటే. ఈసారి మీరు ఉత్సవం పెట్టి ఆహ్వాన పత్రం అచ్చుకు ఇచ్చేటప్పుడు 'గిరిజన నృత్యం' అన్న మాట కొట్టేసి, ఆ చోట పాడే మనిషి పేరు, ఇంటిపేరు, ఊరు, గట్టు, చెప్పబోయే కథ పేరు రాయండి. రచయితల పేర్లు ఉన్న వరసలోనే రాయండి, అదే అక్షరాల సైజులో.